కెంపుఱొమ్ము తేనెపిట్ట

మన ప్రాచీనకావ్యములందు పూదేనె గ్రోలు భాగ్యము తుమ్మెదకే వ్రాసిపెట్టినట్లు తోచును. ఆ భాగ్యమున పాలుగల పక్షులును గలవు. పెరటి మందారముపై వ్రాలి, వంకరముక్కును పువ్వులో దూర్చు చిన్న తేనెపిట్టను సోదరీమణులు చూచియే యుందురు. ఆ వంశమున 140కి పైగా జాతులున్నవి. ఆఫ్రికా మొదలు ఆసియా మీదుగా ఆస్ట్రేలియా వఱకు నవి వ్యాపించినవి. వానిలో ఆఫ్రికాఖండపు కెంపుఱొమ్ము తేనెపిట్టను గూర్చి యీ నెల ముచ్చటింప దలచితిమి.

దీనికి లిన్నేయసు పండితుడు 1766లో సెనెగల్ దేశము పేర శాస్త్రనామ మొసంగెను. పొడవు 15 సెంటీమీటర్లకు మించదు. మగదాని మేను నలుపు కలసిన ముదురు గోధుమవన్నె. నడినెత్తియు గడ్డమును మరకతమువలె మెఱయును. ఱొమ్ము కెంపువలె నుండును. ఆ యెఱుపునడుమ సన్నని నీలపుచుక్కలు తళుకొత్తును. ఆడుదానిది మట్టివన్నె. గ్రుడ్లను పొదుగు తల్లి పరుల కంటబడకుండుటయే మేలు గదా!

పిల్లల భూగోళపటమును విప్పి చూడుడు. పడమట సెనెగల్ నుండి తూర్పున ఇథియోపియా, కెన్యాల వఱకును, అటనుండి దిగువకు దక్షిణాఫ్రికా తూర్పుభాగము వఱకును దీని నెలవు. నడుమనున్న కాంగో కాఱడవి దీనికి సరిపడదు. దీనికి వలసినది సవన్నా; అనగా చెట్లు విడివిడిగా నిలిచి, నడుమ గడ్డి పెరుగు విశాలమైన నేల. అచ్చట కొన్ని నెలలు వానలు, తక్కిన నెలలు ఎండ. గడ్డి యెండిన దినములలోనే మన బాడిదచెట్టునకు జ్ఞాతులైన వృక్షములు ఆకు రాల్చి యెఱ్ఱని పూలు పూయును. కలబందజాతులు పొడవైన పూకాడల నెత్తును. పిట్ట ఆ పూతను వెంబడించి తావు మార్చుచు బ్రదుకును. మన బీళ్లలో మొలచు రణభేరి బంధువుల పూవులును దీనికి ప్రీతి. త్రాగిన తేనెకు బదులుగా, నుదుట నంటిన పుప్పొడిని వేఱొక పువ్వునకు చేర్చును. తేనెతోపాటు సాలెపురుగులను, చిన్న పురుగులను తినును.

గూడు కట్టుట ఆడుదాని పని. గడ్డిపోచలు, ఎండుటాకులు సాలెపట్టుతో బిగించి, చిన్న సొరబుఱ్ఱవంటి గూటిని కొమ్మకు వ్రేలాడదీయును. ద్వారముపై చిన్న చూరును నిలుపును. సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టి, రెండువారములు తానే పొదుగును. ఒక్కొక్కప్పుడు క్లాసు కోకిల యనునది యా గూట తన గ్రుడ్డు పెట్టిపోవును. అప్పుడు పరాయి శిశువును పోషించు పాటు దీని పాలగును.

ఇక దీని క్షేమమును గూర్చి. 1948లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు 1964 నుండి ‘ఎఱ్ఱ జాబితా’ యను పట్టికను నడుపుచున్నారు. పదేండ్లలోగాని మూడు తరములలోగాని, వీనిలో నెక్కువైన కాలమున, నూటికి 30 వంతులు తగ్గినను, ఎదిగిన ప్రాణులు 10,000కు లోబడి యింకను తగ్గుచున్నను ఆ జాతిని అపాయమునకు లోనైనదిగా నెంతురు. కెంపుఱొమ్ము తేనెపిట్ట అట్టిది కాదు. అది ‘అల్పచింత’ యను తెగలో నున్నది. విశాలమైన నెలవుండుటయు, పల్లెతోటలను, పట్టణపు పెరళ్లను సైతము తన విగా జేసికొనుటయు నిందులకు కారణములు. టాంజానియాలోని ఉలుగురు కొండల యడవిలో దప్ప మఱెక్కడను బ్రదుకని లవరిడ్జి తేనెపిట్ట, అడవి తఱుగుటచే అపాయమున బడినది. చెల్లెండ్రిద్దఱిలో నొకతెకు పుట్టినిల్లు కాక వేఱు దిక్కులేనట్లున్నది!

అయినను ‘అల్పచింత’ యనగా చింతయే వలదని యర్థము చేసికొనరాదు. గాదె నిండియున్నదని గాదెకు తలుపు తీసివేయుదుమా? మన దేశపు తెల్లనడుము రాబందును చూడుడు. 1980 దశకమున ప్రపంచమునందలి పెద్ద వేటపక్షులలో నిదియే మిక్కిలి విరివియైనదని తలచిరి. 2000 నాటికి అది మిక్కిలి అపాయకరమైన తెగలో చేరెను. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అను మందు కళేబరములద్వారా రాబందుల మూత్రపిండముల జెఱచుచున్నదని 2004లో తేలెను. 2006లో మన ప్రభుత్వము ఆ మందును పశువైద్యమున నిషేధించెను. అప్పటికే నూటికి 90కి మించి నశించెను. ఎల్లెడల నున్నదను ధీమాచేత, తగ్గుచున్న తొలినాళ్లలో దానిని పెక్కురు గమనింపలేదు.

కావున లెక్క వలయును. దక్షిణాఫ్రికాలో 2007 నుండి సామాన్యజనులే తాము చూచిన పక్షుల జాబితాలను పంపి, ఏ పక్షి యెచ్చట నున్నదో తెలుపు పటమును కూర్చుచున్నారు. కెంపుఱొమ్ము తేనెపిట్టయు నందు లెక్కకు వచ్చుచున్నది. ఇందులకు పాండిత్య మక్కఱలేదు. చూపు, ఓపిక చాలును.

మన పెరటి ఊదావన్నె తేనెపిట్టయు ‘అల్పచింత’ తెగలోనిదే. నెలకొక యుదయము, పూజకు పూలు కోయువేళ, ఎన్ని పిట్టలు వచ్చినవో పిల్లలచేత పుస్తకమున వ్రాయింపుడు. మందారమునకు నాలుగు పూలైన విడిచి కోయుడు. దండెమునకు గూడు వ్రేలాడుచున్నచో, పిల్ల లెగిరిపోవువఱకు బట్టలు వేఱొకచోట నారవేయుడు. పురుగులమందును పూలపై చల్లకుడు. ఆ పురుగే గూటిలోని పిల్లల నోటికూడు.