ఉచిత వాక్యానికి వెల కడుతున్నదెవరు?

నడిగూడెంలోనో, కోదాడ పక్క పల్లెల్లోనో మందిరానికి రాలేని వృద్ధులకు ఇప్పుడు ఫోనే ఆరాధన స్థలం. ప్రార్థన మధ్యలో అప్పు ఇస్తామంటూ ఒక ప్రకటన దూరుతుంది. 'అయ్యగారు డబ్బు కోసం ఇవి పెడుతున్నారు' అని ఇంట్లోవాళ్లు గొణుక్కుంటారు. అది అన్నివేళలా నిజం కాదు. చానెల్ వారు ఆదాయం కోరకపోయినా ప్రకటనలు వేసే హక్కు తనకుందని యూట్యూబ్ నిబంధనల్లోనే రాసుకుంది.

మరి మననుంచే రూపాయి తీసుకోవచ్చు కదా? వాట్సాప్ సంగతి చూడండి. ఒకప్పుడు ఏడాదికి డాలరు చందా అడిగేది. ప్రకటనలు వేయబోమని స్థాపకులు గట్టిగా చెప్పేవారు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని కొన్నది. 2016లో ఆ డాలరూ తీసేశారు. చాలామందికి బ్యాంకు కార్డులు లేవన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. 2025లో, స్టేటస్‌లు చూసేచోట ప్రకటనలు వస్తాయని చెప్పారు.

రూపాయి అడిగినా కొందరు వెళ్లిపోతారు. మన బంధువులు లేని వాట్సాప్ మనకెందుకు? ఇంకొక మనిషి చేరితే కంపెనీకయ్యే ఖర్చు చాలా స్వల్పం. కాబట్టి తలుపులు తెరిచి, చేరిన జనం చూపును వ్యాపారులకు అమ్ముతారు. 2023లో మెటా ఆదాయంలో నూటికి 97 పాళ్లకు పైగా ప్రకటనలదే.

ఉచితం వెనుక ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. మునగాల సంస్థానం దివానుగా నడిగూడెంతో పెనవేసుకున్న కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చందాదారులను కూడగట్టి పుస్తకాలు అచ్చువేశారు. రాజా నాయని వెంకటరంగారావు గారి అండ ఉండేది. డబ్బిచ్చింది పాఠకుడూ దాతా కనుక జవాబు చెప్పాల్సిందీ వారికే. ప్రకటనల మీద బతికే సేవ జవాబు చెప్పేది ప్రకటనదారుకు. అందుకే మనం ఏం చూశామో, ఎంతసేపు చూశామో లెక్క రాసుకుంటుంది. అప్పుల్లో ఉన్న ఇంటికి అప్పు ప్రకటన రావడం ప్రతిసారీ యాదృచ్ఛికం కాదు.

ప్రకటనలు పాపమని మేము అనము. క్రిస్మస్ శుభాకాంక్షల ప్రకటనలు మేమూ వేస్తాం. ప్రకటనలు లేకుండా చూడాలంటే నెలనెలా కట్టే సొమ్ము కూలి ఇంటికి భారం. ఆ ప్రకటనలే లేకపోతే ఆ వృద్ధురాలికి వాక్యం అందేదే కాదేమో.

అయినా సంఘం చేయగలిగింది కొంత ఉంది. ఆదివారం వర్తమానాన్ని మెమరీ కార్డులో వేసి మంచానపడ్డవారికి యౌవనస్థుల చేత పంపవచ్చు. ఆ వంకన ఒకరు వెళ్లి పక్కన కూర్చున్నట్టూ అవుతుంది. చానెల్ మీద ఆదాయం వస్తుంటే కాపరులు ఆ లెక్కను కానుకల లెక్కతోపాటే సంఘం ముందు చదవాలి. రాకపోతే, ఆ ప్రకటనలు తమవి కావని వేదికపైనుంచే ఒక్క మాట చెప్పాలి.