మూత చూసి కొనవలసిన సీసా



వేసవి సెలవులు దగ్గిరపడగానే ఇళ్లలో ప్రయాణాల మాటలు మొదలవుతాయి. ఒకరు తిరుపతి అంటారు, ఒకరు అరకు అంటారు, ఇంకొకరు అమ్మమ్మగారి ఊరు అంటారు. ఎక్కడికి వెళ్లినా వెంట నీళ్లు ఉండాలి గదా! ఆ నీళ్లు పట్టుకుపోవటానికి ఇప్పుడు దుకాణాలలో ఒక వింత సీసా దొరుకుతున్నది. నీళ్లు పోస్తే ఉబ్బి నిండుగా ఉంటుంది. తాగేసిన తరవాత దాన్ని చాపలాగా చుట్టి జేబులో పెట్టుకోవచ్చు. కొన్ని సీసాలు హార్మోనియం తిత్తిలాగా మడతలు మడతలుగా అణిగి, రెండు వేళ్ల మందానికి వచ్చేస్తాయి. అటువంటిది కొనిపెట్టమని మీలో కొందరు ఇంట్లో పేచీ పెడుతూనే ఉండవచ్చు. అది కొనదగినదేనా, కొంటే ఏం చూసి కొనాలి అన్నది ఈ నెల ముచ్చట. మీరు చదివి, అమ్మకూ నాన్నకూ కూడా చదివి వినిపించండి. డబ్బు ఇచ్చేది వాళ్లు గనక.

ముడుచుకునే నీటిపాత్ర కొత్తదని అనుకోకండి. పూర్వం భిస్తీలు నీళ్లు మోసినది మేకతోలు తిత్తులలోనే. నిండుగా ఉన్నప్పుడు ఆ తిత్తి మేకంత లావు ఉండేది. నీళ్లు పోసేస్తే భుజాన వేసుకునే తోలుముక్క అయిపోయేది. పశువుల కాపరులు ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు తీసుకుపోయేవారు. అది మడతపడదు గాని, బహు తేలిక. తరవాత కాన్వాసు గుడ్డతో కుట్టిన సంచులు వచ్చాయి. లారీలకూ జీపులకూ వాటిని బయట వేలాడగట్టేవారు. గుడ్డపోగుల సందులనుంచి నీరు కొద్దికొద్దిగా చెమర్చి, గాలికి ఆవిరి అయ్యేది. ఆవిరి కావటానికి కావలిసిన వేడిని ఆ నీరు లోపలి నీళ్లనుంచే లాక్కుంటుంది కనక, సంచిలో నీళ్లు కుండలో నీళ్లలాగా చల్లబడేవి. అంటే, చెమర్చటమే ఆ సంచికి ఉన్న గుణం. మన కొత్త సీసాకు మాత్రం చెమర్చటం కూడా దోషమే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గిరికే వస్తాం.

ముందు బరువు సంగతి చూద్దాం. "ఎంత తేలికో చూడండి!" అంటూ దుకాణదారు ఖాళీ సీసాను మన చేతిలో పెడతాడు. అతను చెప్పేది అబద్ధం కాదు. లీటరు నీళ్లు పట్టే పలచని సంచిసీసా సుమారు 35, 40 గ్రాములు తూగుతుంది. అదే లీటరు పట్టే రెండు పొరల స్టీలు సీసా 400 గ్రాముల దాకా ఉంటుంది. కాని లోపల పోసే నీళ్ల మాటేమిటి? లీటరు నీళ్లు ఒక కిలో. ఎంత గొప్ప సీసా అయినా ఆ కిలోలో ఒక్క గ్రాము తగ్గించలేదు.

బడిసంచి బరువు పిల్లల బరువులో పదోవంతుకు మించరాదని 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన బడిసంచి విధానంలో ఉన్నది. 30 కిలోల పిల్లవాడికి అది మూడు కిలోలు. అందులో లీటరు నీళ్లు పెట్టుకుంటే మూడోవంతు నీళ్లకే సరిపోయింది! స్టీలు సీసా మాని మడతసీసా పట్టుకుపోతే ఒక పుస్తకం బరువు కలిసివచ్చే మాట నిజమే. అయినా రోజూ బడికి మడతసీసా కొనమని నేను చెప్పను. బడిలో మంచినీళ్లు ఉంటే ఒంటిపొర స్టీలుతో చేసిన చిన్న సీసాయే మేలు. కింద పడితే సొట్టపడుతుందేగాని చిరగదు. తోమటం సులువు. మీ తరవాత మీ తమ్ముడికి కూడా పనికి వస్తుంది.

మడతసీసా వల్ల లాభమంతా అది ఖాళీగా ఉన్నప్పుడే. కనక, ఏ ప్రయాణంలో దాన్ని ఖాళీచేసి, మళ్లీ నింపుకోవటానికి వీలున్నదో ఆ ప్రయాణానికే అది తగినది. అలిపిరినుంచి తిరుమలకు నడిచి వెళ్లే దారిలో 3550 మెట్లున్నాయి. దారిలో తాగే నీళ్లు దొరుకుతాయి. అక్కడ రెండు లీటర్లు మోసుకుంటూ మెట్లు ఎక్కటం వృథా శ్రమ. అర లీటరు సీసా ఉంటే, అయిపోయినప్పుడల్లా నింపుకోవచ్చు. విమానంలో దూరదేశాలకు వెళ్లేవారికి ఇంకొక లాభం ఉన్నది. చాలా విమానాశ్రయాలలో 100 మిల్లీలీటర్లకు మించి నీళ్లున్న సీసాను తనిఖీ దాటనివ్వరు. ఖాళీ సీసాకు అభ్యంతరం చెప్పరు. అమెరికాలో ఉన్న కొడుకును చూడబోయే మామ్మగారు మడతసీసాను చేతిసంచిలో పడేసుకుని, తనిఖీ అయిన తరవాత నింపుకుంటే సరి.

అన్ని దారులూ ఇట్లా ఉండవు. అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కాలంటే అడవీ, బండలూ, నిటారు ఎక్కుడూను. అక్కడ కొళాయిలను నమ్ముకుని బయలుదేరకూడదు. అటువంటి చోటికి గట్టి సీసానిండా నీళ్లు పట్టుకుని, మడతసీసాను దానికి తోడుగా పెట్టుకోవాలి. ఎందుచేతనంటే, మన దగ్గిర ఉన్న ఒకే ఒక సీసా పలచనిదై, దానికి ముల్లు గుచ్చుకున్నట్టయితే ఏం చేస్తాం? ఎండలో కొండ ఎక్కే పెద్దవాళ్ల ఒంటినుంచి గంటకు అర లీటరు మొదలు లీటరు దాకా చెమట పోవచ్చు. పోయిన నీరు తిరిగి ఒంట్లో చేరకపోతే తలనొప్పి వస్తుంది, కళ్లు తిరుగుతాయి, మూత్రం ముదురు పసుపు రంగుకు మారుతుంది. ఎండ మరీ ఎక్కువైతే వడదెబ్బ తగిలి ప్రాణానికే ముప్పు రావచ్చు. పిల్లలు ఆటలో పడి దాహం సంగతే మరిచిపోతారు. కనక పెద్దలు వాళ్లను మధ్యమధ్య ఆపి, అడగకపోయినా నీళ్లు తాగించాలి.

ఇక సీసా ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. గట్టి సీసాను బోర్లిస్తే నీళ్లు గుడగుడమంటూ ఆగి ఆగి వస్తాయి. బయటికి వచ్చిన నీటి స్థానంలోకి గాలి చొరబడాలి. ఉన్నది ఒకటే మూతి. ఒకరు దిగితేగాని ఇంకొకరు ఎక్కలేని బస్సు తలుపులాంటిదన్నమాట. మెత్తని సీసాకు ఈ అవస్థ లేదు. నీళ్లు తగ్గినకొద్దీ బయటి గాలి దాని గోడలను లోపలికి నొక్కేస్తుంది. సగం తాగిన తరవాత గాలిని పిండేసి మూత బిగించి చూడండి, నడిచేటప్పుడు నీళ్లు తొణకవు. పరుగు పందాలవాళ్లు మెత్తని సీసాలను ఇష్టపడేది ఇందుకే.

కాని ఈ మెత్తదనంలోనే ఒక చిక్కు ఉన్నది. మూసిన పాత్రలో ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త పాస్కల్ చెప్పాడు. మీ సంచిలో పుస్తకాలూ, టిఫిన్ డబ్బా ఒకదానిమీద ఒకటి పడి సీసాను నొక్కుతాయి. గట్టి సీసా అయితే ఆ బరువును దాని గోడలే కాచుకుంటాయి. మెత్తని గోడలు కాచుకోలేవు. అవి లోపలికి వంగుతాయి, ఒత్తిడి నీళ్లగుండా పోయి మూతను తోస్తుంది. పాపం, మిగతా సీసా అంతా లొంగిపోగా మూత ఒక్కటే నిలబడి పోరాడాలి! అందుచేత ఈ సీసాను కొనేటప్పుడు మడతల అందం చూసి మురిసిపోకుండా మొదట మూతను పరీక్షించండి.

పైకి లాగితే తెరుచుకునే మూతలూ, వేలితో టక్కున తీసే మూతలూ చూడటానికి సరదాగా ఉంటాయి. ప్రయాణానికి మాత్రం మర బిగించే మూతే నమ్మదగినది. మూతలోపల రబ్బరు వాషరు ఉన్నదా, దాన్ని తీసి కడిగి మళ్లీ పెట్టటానికి వీలున్నదా చూడండి. మూత ఊడి మెట్లమీద దొర్లిపోకుండా సీసాకు పట్టీతో కట్టి ఉంటే మరీ మంచిది. మెత్తని ఒళ్లు గట్టి మూతితో కలిసే చోటును వేళ్లతో లాగి చూడండి. సీసా చెడటం సాధారణంగా అక్కడే ఆరంభమవుతుంది. దుకాణంలో నీళ్లు పోసి చూడనిస్తే సరే, లేకపోతే రసీదు భద్రం చేసి ఇంటికి తీసుకురండి. సీసాను నిండుగా నింపి, మూత బిగించి, పాత వార్తాపత్రికమీద పడుకోబెట్టి, దానిమీద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టండి (తడిసినా ఫరవాలేని పుస్తకాలు సుమా! నాన్నగారి నిఘంటువు వద్దు). తెల్లవారి చూస్తే పత్రిక పొడిగా ఉండాలి. ఒక్క చుక్క మరక ఉన్నా ఆ సీసాను తిరిగి ఇచ్చెయ్యండి.

ఈ సీసాలలో ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి సిలికోన్‌తో చేసినది. ఇసుకలో ఉండే సిలికాన్ అనే మూలకాన్ని ఆక్సిజన్‌తో గొలుసులాగా కూర్చి ఈ రబ్బరులాంటి పదార్థాన్ని తయారుచేస్తారు. ఇది వేడినీళ్లకు తట్టుకుంటుంది, మందంగా ఉండి ముళ్లకు తొందరగా లొంగదు. కాని పలచని సంచిసీసా కన్న చాలా బరువు. పైగా వాసనలు పట్టుకునే దుర్గుణం ఒకటి ఉన్నది. దాన్ని ఆవకాయ డబ్బా పక్కన పెడితే మర్నాటి నీళ్లలో ఆవకాయ జాడ తెలిసినా ఆశ్చర్యం లేదు. రెండోది పలచని ప్లాస్టిక్ పొరలతో చేసిన సంచిసీసా. ఇది బహు తేలిక, చవకలో కూడా దొరుకుతుంది. అయితే వేడినీళ్లు పోయవచ్చునని దానిమీద రాసి ఉంటేనేగాని పోయకూడదు. ఎప్పుడూ ఒకే గీతమీద మడిస్తే, పదేపదే వంచిన తీగలాగా అక్కడే విరుగుతుంది. కనక దాన్ని మడవకుండా చుట్టండి. ఇక రంగు సంగతి మీరూ మీ చెల్లెళ్లూ తేల్చుకోండి. నేను అందులోకి రాను.

మూత తరవాత చూడవలసినది మూతి వెడల్పు. బ్రష్షు పట్టని సన్నమూతి సీసాను కడగటం ఎవరి తరమూ కాదు. హార్మోనియం మడతల సీసాలతో నాకు పెద్ద పేచీ ఇదే: ప్రతి మడతలోనూ కాస్త నీరు నిలిచిపోతుంది. నీరు నిలిచి, గాలి తగలని చోట బూజు పడుతుంది. వాషరు కింద నల్లని చుక్కలు కనిపిస్తే అవి బూజువే. మజ్జిగా, పళ్లరసాలూ, పంచదార కలిపిన నిమ్మరసమూ ఇందులో పోస్తే ఆ బూజుకు మీరే విందు చేసినట్టు. వీటికి స్టీలు సీసా ఉండనే ఉన్నది.

ప్రయాణంనుంచి రాగానే సీసాను మడిచి బీరువాలో దాచవద్దు. గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పోసి, రాత్రంతా ఉంచి, ఉదయం బ్రష్షుతో లోపలా, మూతి అంచునా తోమి, రెండుమూడుసార్లు మంచినీళ్లతో తొలవండి. వాషరును గుండుసూదితో కాకుండా చెంచా కాడతో పైకి లేపి తీసి విడిగా కడగండి. తరవాత సీసా గోడలు ఒకదానికొకటి అంటుకోకుండా లోపల పొడుగుపాటి చెంచా ఒకటి నిలబెట్టి, గాలి తగిలే నీడలో తలకిందులుగా వేలాడదీయండి. బయట ఆరినట్టు కనిపించినా లోపల ఆరటానికి మరొక రోజు పట్టవచ్చు. వేలు పెట్టి తడిమి, పొడిగా ఉంటేనే చుట్టి, మూతను విడిగా ఒక గుడ్డసంచిలో వేసి, మళ్లీ ప్రయాణందాకా దాచిపెట్టండి.