స్లాగ్ రోడ్డుకే కాదు, బావి నీళ్ళకూ పూచీ కావాలి

ఉక్కు ఫ్యాక్టరీల దగ్గర గుట్టలుపడ్డ చిట్టెంతో రోడ్లు వేయాలని ప్రభుత్వాలు ఉత్సాహపడుతున్నాయి. కార్మికులు దీన్నే స్లాగ్ అంటారు. 2022లో సూరత్ దగ్గర హజీరాలో ఆరు వరసల రోడ్డు కిలోమీటరు పొడవున దీంతోనే వేశారు. మంచిదే. కంకర కోసం కొండలను పిండి చేయటం తగ్గుతుందంటే మేము కాదనం. కాని ఆ రోడ్డు పక్క బావి ఎవరిది, చేను ఎవరిది అని కూడా అడుగుతాం.

స్లాగ్ అంతా ఒకటి కాదు. బ్లాస్ట్ ఫర్నేసులో వచ్చేదాన్ని నీళ్ళతో చల్లార్చి, పొడిచేసి సిమెంటులో కలుపుతారు. ఉక్కు చేసే కన్వర్టరులో వచ్చేది వేరు. అందులో కలవక మిగిలిన సున్నం ఉంటుంది. గుల్లసున్నం మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో పల్లెలో అందరికీ తెలుసు. పొంగుతుంది, మరుగుతుంది. పచ్చి స్లాగ్ పోసిన రోడ్డూ అంతే, ఉబ్బి పగులుతుంది. అందుకే నెలల తరబడి ఎండకూ వానకూ వదిలి, మాగిన తర్వాతే వాడాలి.

రోడ్డు పగిలితే మళ్ళీ వేసుకోవచ్చు. నీళ్ళు చెడితేనో? తాగే నీటి పి.హెచ్. 8.5 దాటకూడదు. స్లాగ్ గుట్టలోంచి దిగే నీటిది 11, 12 దాకా పోతుంది. అది కుంటలో చేరితే చేపలు బతకవు. క్రోమియం, వెనేడియం లాంటి లోహాలూ స్లాగ్‌లో ఉంటాయి. అవి ఎంత ఉన్నాయన్నదానికన్నా నీటిలోకి ఎంత దిగుతున్నాయన్నదే అసలు ప్రశ్న. పైన తారు కప్పితే ప్రమాదం తక్కువ. చెరువు పక్కన పల్లంలో విడిగా గుమ్మరిస్తే ఎక్కువ. నెదర్లాండ్స్ ప్రభుత్వం 2025లో మందపాటి పొరలుగా పోయటాన్ని తాత్కాలికంగా నిషేధించింది, ఇందుకే.

"కొన్ని దేశాల్లో పొలాలకే వేస్తారు కదా" అంటారు కొందరు. వేస్తారు. పులిసిన నేలకు, పరీక్షించి, కొలత ప్రకారం వేస్తారు. చౌడు పట్టిన మన చేల గట్టున లారీలకొద్దీ పోయటం అది కాదు.

ఇక ఆ దుమ్ములో పనిచేసే కూలీ సంగతి? చెమటకు తడిసిన ఒంటి మీద సున్నపు దుమ్ము పడితే చర్మం మండుతుంది, కళ్ళు మండుతాయి. లాభం కంపెనీకీ కాంట్రాక్టరుకూ, మంట మాత్రం కూలీకా?

అందుకని మేము కోరేది ఇదీ: మాగని స్లాగ్ ఊళ్ళోకి రాకూడదు. నీటిలోకి ఏమి దిగుతుందో ఫ్యాక్టరీతో సంబంధంలేని లేబొరేటరీలో పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. బావులకూ చెరువులకూ దూరంగా వాడాలి. ముందూ తర్వాతా బావినీళ్ళు పరీక్షించాలి. కూలీలకు తొడుగులు, ముఖానికి మాస్కు, కడుక్కోటానికి మంచినీళ్ళు ఇవ్వాలి. నష్టం వస్తే స్లాగ్ పంపినవాడే భరించాలి.

లారీ ఊళ్ళోకి వచ్చిన రోజే ఈ ప్రశ్నలు అడగండి. దిమ్మెస కొట్టి తారు పోశాక కింద ఏముందో ఎవరూ చూపించరు.