మీ ప్రోగ్రాం మీ ల్యాప్‌టాప్ దాటుతుందా?

రెజ్యూమెలో 'పైథాన్' అని రాయడం ఇప్పుడు దాదాపు అందరూ చేస్తున్న పనే. కంప్యూటర్ సైన్స్ వాళ్లే కాదు, మెకానికల్ వాళ్లూ రాస్తున్నారు, బీకాం వాళ్లూ రాస్తున్నారు. తప్పేం లేదు, నేర్చుకుంటే మంచిదే. కానీ ఆ రెజ్యూమెలో ఇచ్చిన గిట్‌హబ్ లింకు నొక్కి, ప్రాజెక్టులో మొదటి ఫైలు తెరిస్తే చాలాసార్లు నాలుగో లైనులోనో ఐదో లైనులోనో ఇలాంటిది కనబడుతుంది: సి:\యూజర్స్\సాయి\వన్‌డ్రైవ్\డెస్క్‌టాప్\ఫైనల్ ప్రాజెక్ట్ న్యూ\మార్క్స్.సీఎస్‌వీ.

సాయి ల్యాప్‌టాప్‌లో ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. ఇంకెక్కడా నడవదు. కంపెనీ ఇచ్చిన టేక్‌హోం అసైన్‌మెంట్‌గా దీన్ని పంపితే, అవతల దాన్ని చూసే ఇంజినీరు ముందు తన మెషీన్‌లోకి దించుకుంటాడు, రన్ చేస్తాడు. 'ఫైల్ దొరకలేదు' అని ఎర్రర్ వస్తుంది. ఓపిక ఉన్నవాడైతే కోడ్‌లోకి దిగి పాత్ సరిచేసి మళ్లీ నడుపుతాడు. లేనివాడు తర్వాతి అభ్యర్థి ఫైలు తెరుస్తాడు. మీరు నాలుగు వారాలు కూర్చుని రాసిన లాజిక్ వరకు ఎవరూ రానే రాలేదన్న మాట.

జూనియర్లతో ఈ మాట అంటే వచ్చే జవాబు ఒకటే: "అన్నా, నా దగ్గర బాగానే పనిచేసింది." నిజమే, పనిచేసింది. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు కావాల్సింది మాత్రం వాళ్ల దగ్గర పనిచేయడం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పైథాన్ కావచ్చు, బ్యాష్ కావచ్చు, పవర్‌షెల్ కావచ్చు, ఏ స్క్రిప్టింగ్ లాంగ్వేజ్ మొదలుపెట్టినా ఫైల్ పాత్‌ను వేరియబుల్స్‌తో ఎలా కట్టాలో మొదటి నెలలోనే గట్టిగా నేర్చుకోవాలి. పాండాస్, మెషీన్ లెర్నింగ్ ఆ తర్వాత. ల్యాబ్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ అనగానే తెరవడం, చదవడం, రాయడం, మూసేయడం వరకు చెప్పి వదిలేస్తారు. అక్కడ ప్రోగ్రాం, డేటా ఫైలు ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి పాత్ అనే ప్రశ్నే పుట్టదు. అది పుట్టేది సొంత ప్రాజెక్టులో, అప్పటికి అడగడానికి పక్కన ఎవరూ ఉండరు.

మొదట తడబడేది కొటేషన్ల దగ్గర. ఒక డిపార్ట్‌మెంట్ అటెండెన్స్ నెలకో ఫైలు చొప్పున 12 ఫైళ్లలో ఉందనుకోండి. 12 సార్లు అదే లైను కాపీ పేస్ట్ చేయకుండా, నెల పేరును ఒక వేరియబుల్‌లో పెట్టి లూప్ తిప్పాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఆలోచన సరైందే. కానీ ఆ వేరియబుల్ పేరును కొటేషన్ల లోపలే రాసేస్తారు. వేరియబుల్ పేరు 'నెల' అయితే, పైథాన్ పాపం 'నెల.సీఎస్‌వీ' అనే ఫైలు కోసమే వెతుకుతుంది. కొటేషన్ల మధ్య ఉన్నది దానికి ఉత్త అక్షరాల వరుస, అందులో వేరియబుల్ ఉందని దానికెలా తెలుస్తుంది? అందుకే కొటేషన్ ముందు చిన్న 'ఎఫ్' పెట్టి, వేరియబుల్ పేరును మీసాల బ్రాకెట్లలో రాయాలి. ఈ ఎఫ్-స్ట్రింగ్ సౌకర్యం పైథాన్ 3.6 నుంచి ఉంది.

బ్యాష్‌లో కథ కొంచెం వేరు. అక్కడ డబుల్ కొటేషన్లలో డాలర్ గుర్తుతో రాసిన వేరియబుల్ విలువగా మారుతుంది, సింగిల్ కొటేషన్లలో మారదు. ఇంకో చిక్కు కూడా ఉంది. వేరియబుల్ పేరు వెనకాలే అండర్‌స్కోర్ పెట్టి 'రిపోర్ట్' అని రాస్తే, బ్యాష్ ఆ మొత్తాన్నీ ఒకే వేరియబుల్ పేరు అనుకుంటుంది. అలాంటిది లేదు కాబట్టి అక్కడ ఖాళీ పెడుతుంది. ఎర్రర్ కూడా రాదు. పేరు చుట్టూ మీసాల బ్రాకెట్లు పెడితే గొడవ లేదు. ఈ 'ఎర్రర్ రాకుండా ఖాళీ' అన్న సంగతి గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

తర్వాతిది విండోస్ వాడే మన అందరి తలనొప్పి, బ్యాక్‌స్లాష్. పైథాన్‌లో బ్యాక్‌స్లాష్ పక్కన 'ఎన్' వస్తే కొత్త లైను, 'టి' వస్తే ట్యాబ్. అందుకే 'న్యూ', 'టెంప్' లాంటి ఇంగ్లిష్ పేర్లతో మొదలయ్యే ఫోల్డర్లు పాత్‌లో ఉంటే పేరే మారిపోతుంది. 'యూజర్స్' ముందు వచ్చే బ్యాక్‌స్లాష్, పెద్ద 'యు' కలిస్తే యూనికోడ్ అక్షరం రాబోతోందని పైథాన్ 3 అనుకుంటుంది. అది దొరక్క ప్రోగ్రాం మొదలుకాకముందే సింటాక్స్ ఎర్రర్ కొడుతుంది. మొదటిసారి పైథాన్ రాసేవాడికి ఆ ఎర్రర్ మెసేజ్ ఏ భాషలో ఉందో కూడా అర్థం కాదు.

ఇంతకీ ఈ వంకర గీత ఎందుకొచ్చిందంటే, పాత డాస్‌లో కమాండ్ ఆప్షన్లకు మామూలు స్లాష్‌ను అప్పటికే వాడేస్తున్నారు. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చినప్పుడు వాటికి బ్యాక్‌స్లాష్ మిగిలింది. నలభై ఏళ్ల కిందటి సర్దుబాటు, ఈరోజుకీ మన చేత ఎర్రర్లు తినిపిస్తోంది. విండోస్‌లో కూడా పైథాన్‌కు మామూలు స్లాష్ ఇస్తే హాయిగా తీసుకుంటుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. వేరియబుల్ వాడమంటే కొందరు ఏం చేస్తారంటే, అదే పొడవాటి పాత్‌ను తీసుకెళ్లి ఫైలు పైభాగంలో 'పాత్' అనే వేరియబుల్‌లో పెడతారు. పది చోట్ల మార్చాల్సింది ఒక చోట మారిస్తే సరిపోతుంది కాబట్టి కొంత నయమే. కానీ సాయి పేరు, సాయి డెస్క్‌టాప్ ఇంకా అక్కడే ఉన్నాయి కదా! వేరియబుల్ విలువను ప్రోగ్రాం తనంతట తానే కనుక్కోగలిగినప్పుడే దాని వల్ల పూర్తి లాభం.

అందుకు ముందు ఒక ప్రశ్న అడగాలి: ఈ పాత్‌ను ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నాం? 'డేటా' ఫోల్డర్‌లో 'మార్క్స్' ఫైలు అని చిన్నగా రాస్తే, పైథాన్ దాన్ని మీ ప్రోగ్రాం ఉన్న చోట వెతకదు. మీరు ఎక్కడ నిలబడి ప్రోగ్రాంను నడిపారో అక్కడ వెతుకుతుంది. దాన్నే కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ అంటారు. ఐడిల్‌లో ఫైలు తెరిచి నడిపితే ఆ చోటు మామూలుగా ప్రోగ్రాం ఉన్న ఫోల్డరే. అదే ఫైలును వీఎస్ కోడ్‌లో నడిపితే మీరు తెరిచిన పెద్ద ఫోల్డర్ అవుతుంది. లినక్స్ సర్వర్‌లో రోజూ రాత్రి దానంతటదే నడవాలని క్రాన్‌లో పెడితే యూజర్ హోం ఫోల్డర్ అవుతుంది. ప్రోగ్రాం ఒకటే, ఒక్క అక్షరం మారలేదు. అయినా ఒకచోట నడుస్తుంది, రెండోచోట నడవదు. 'నిన్న పనిచేసింది, ఈరోజు పనిచేయట్లేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటి గుట్టు ఇక్కడే ఉంటుంది.

పైథాన్‌లో దీనికి మందు ఉంది. ప్రతి ప్రోగ్రాం ఫైలుకూ తన సొంత చిరునామా 'ఫైల్' అనే ప్రత్యేక వేరియబుల్‌లో దొరుకుతుంది, దాని పేరుకు ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు ఉంటాయి. దాన్ని పాత్‌లిబ్ అనే లైబ్రరీకి ఇచ్చి, పూర్తి చిరునామాగా మార్చి, దాని పేరెంట్‌ను అడిగితే ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్ వస్తుంది. దాన్ని 'బేస్' అనే వేరియబుల్‌లో పెట్టుకోండి. అక్కడి నుంచి డేటా ఫోల్డర్, నెల ఫైలు అన్నీ స్లాష్ గుర్తుతో జతచేసుకుంటూ పోవచ్చు. విండోస్‌లో ఏ గీత, లినక్స్‌లో ఏ గీత అన్న బాధ పాత్‌లిబ్‌దే. 2014లో పైథాన్ 3.4తో వచ్చింది ఇది. కొత్తదేం కాదు, అయినా ఇప్పటికీ ఎన్నో ట్యుటోరియల్స్ స్ట్రింగ్‌లను ప్లస్‌తో అతికించడమే నేర్పుతున్నాయి. ఒక జాగ్రత్త: జతచేసే రెండో ముక్క స్లాష్‌తో మొదలైతే, పాత్‌లిబ్ దాన్ని కొత్త చిరునామాగా తీసుకుని మొదటి ముక్కను పారేస్తుంది. జూపిటర్ నోట్‌బుక్‌లో రాసేవాళ్లకు ఇంకోటి. అక్కడ ఆ 'ఫైల్' వేరియబుల్ ఉండదు. గూగుల్ కొలాబ్‌లో చేసిన ప్రాజెక్టుల్లో డ్రైవ్ మౌంట్ చేసిన పాత్ అలాగే ఉండిపోవడం కూడా తరచూ చూస్తుంటాం. అదీ సాయి డెస్క్‌టాప్ లాంటిదే.

'ఇంత చిన్నదానికి ఇంత పాఠమా, ఆ టైంలో నాలుగు డీఎస్ఏ ప్రాబ్లమ్స్ చేసుకుంటాం కదా' అనొచ్చు. చిన్నదే. కానీ పెద్ద పెద్ద కంపెనీలను వీధిలో నిలబెట్టింది కూడా ఈ చిన్నదే. 2001 నవంబరులో యాపిల్ మ్యాక్ కోసం ఐట్యూన్స్ 2.0 విడుదల చేసింది. దాని ఇన్‌స్టాలర్ స్క్రిప్టులో పాత్ ఉన్న వేరియబుల్ చుట్టూ కొటేషన్లు పెట్టలేదు. డిస్క్ పేరులో ఖాళీ ఉన్న కొందరి మ్యాక్‌లలో పాత్ ఆ ఖాళీ దగ్గర రెండుగా తెగింది. పాత ఐట్యూన్స్‌ను తీసేయమన్న కమాండ్ డిస్క్‌లోని డేటా మీద పడింది. యాపిల్ దాన్ని వెనక్కి తీసుకుని 2.0.1 ఇవ్వాల్సి వచ్చింది.

2015 జనవరిలో లినక్స్‌లో స్టీమ్ వాడే గేమర్లకు ఇంకా ఘోరం జరిగింది. స్టీమ్ ఉన్న ఫోల్డర్‌ను ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, దాని వెనక స్లాష్, స్టార్ పెట్టి, అందులో ఉన్నదంతా తుడిచేయమని స్క్రిప్టులో ఒక లైను ఉంది. స్టీమ్ ఫోల్డర్‌ను వేరేచోటికి జరిపిన ఒక యూజర్ దగ్గర ఆ వేరియబుల్ ఖాళీ అయింది. ఇందాక అన్నాం కదా, బ్యాష్ ఎర్రర్ ఇవ్వదు, ఖాళీ పెట్టి ముందుకుపోతుంది. ఫోల్డర్ పేరు ఎగిరిపోయాక మిగిలింది ఉత్త స్లాష్, స్టార్. లినక్స్‌లో దానర్థం మొత్తం కంప్యూటర్. ఆ యూజర్‌కు చెందిన ఫైళ్లన్నీ, తగిలించి ఉన్న బయటి డ్రైవ్‌తో సహా పోయాయి. తమాషా ఏంటంటే, ఆ లైను మీద రాసినాయన ముందే 'భయంగా ఉంది' అని అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో ఒక మాట కామెంట్ రాసిపెట్టాడు. భయపడ్డాడు గానీ, వేరియబుల్ ఖాళీగా ఉందేమో చూసే ఒక్క లైను రాయలేదు.

బ్యాష్ స్క్రిప్టు పైన 'సెట్ -యు' అని ఒక్క లైను పెడితే, విలువ ఇవ్వని వేరియబుల్ ఎదురైనప్పుడు స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. కానీ విలువ ఇచ్చాక అది ఖాళీగా తేలితే ఇది పట్టుకోదు. స్టీమ్‌లో జరిగింది అదే. అందుకే తుడిచే కమాండ్‌కు ముందు, వేరియబుల్ ఖాళీగా ఉందేమో విడిగా చూసుకోవాలి. పాత్ వేరియబుల్ ఎక్కడ వాడినా డబుల్ కొటేషన్లు పెట్టాలి. ఇంటర్వ్యూలో ఇవి అడుగుతారా అంటే, ప్రొడక్షన్ సపోర్ట్, డెవాప్స్, టెస్టింగ్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు పనే ఇది. పాత లాగ్‌లు తుడిచే స్క్రిప్టులు, రోజువారీ రిపోర్టులు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు చేర్చే స్క్రిప్టులు మొదటి ఏడాదే మీ చేతికి వస్తాయి. డెవలప్‌మెంట్, టెస్ట్, ప్రొడక్షన్ మూడింటిలో ఫోల్డర్లు వేరువేరుగా ఉంటాయి. స్క్రిప్టు మాత్రం ఒకటే ఉండాలి. కాబట్టి పాత్‌ను బయట నుంచి ఇస్తారు, కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్‌గానో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గానో. ఈ అలవాటు ఉన్న ఫ్రెషర్ కోడ్ పది లైన్లు చదివితేనే తెలిసిపోతుంది.

'ఇవన్నీ ఏఐ రాసిస్తుంది కదా అన్నా' అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. రాసిస్తుంది, చక్కగానే. కానీ మీ ఫోల్డర్లు ఎలా ఉన్నాయో, ప్రోగ్రాంను ఎక్కడ నిలబడి నడుపుతున్నారో మీరు చెప్తే తప్ప దానికి తెలియదు. చెప్పకపోతే 'మీ ఫైల్ పాత్ ఇక్కడ పెట్టండి' అని ఒక ఖాళీ వదిలేస్తుంది. ఆ ఖాళీలో మనవాళ్లు పెట్టేది మళ్లీ సాయి డెస్క్‌టాపే.

ఏదైనా ప్రాజెక్టు లింకును రెజ్యూమెలో పెట్టే ముందు ఓ అరగంట కేటాయించండి. ప్రాజెక్టు ఫోల్డర్ పేరును మధ్యలో ఖాళీ ఉండేలా మార్చండి. దాన్ని డెస్క్‌టాప్ నుంచి తీసి వేరే డ్రైవ్‌లో పడేయండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లకుండా ఎక్కడో నిలబడి ప్రోగ్రాంను నడపండి. ఆ తర్వాత లినక్స్ ఉన్న ఫ్రెండ్‌కు పంపండి. విండోస్‌కు ఇంగ్లిష్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా మామూలుగా పట్టదు, లినక్స్‌కు పడుతుంది. పెద్ద 'డి'తో ఉన్న 'డేటా', చిన్న 'డి'తో ఉన్న 'డేటా' అక్కడ రెండు వేర్వేరు ఫోల్డర్లు. నాలుగు చోట్లా నడిస్తే లింకు పెట్టేయండి. నడవకపోతే వచ్చిన ఎర్రర్‌లో చివరి లైను చదవండి, ప్రోగ్రాం ఏ ఫైలు కోసం వెతికిందో పేరుతో సహా అక్కడే రాసి ఉంటుంది.