అద్దాల మేడలకు మా చీపురు - మా జ్వరానికి ఏ దవాఖాన?

సైబరాబాద్ ఎట్లుంటదని ఊరోళ్లు మమ్మల్ని అడుగుతరు. 1998లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాడు చుట్టూ రాళ్లు, గుట్టలే. ఆ రాళ్లు కొట్టింది, తట్టలు మోసింది పాలమూరు లేబర్. ఇయ్యాల ఆ మేడల్లో లెట్రిన్లు కడిగేది, రోడ్లు ఊడ్చేది, డ్రైనేజీలు తీసేది ఎవరు? ఎక్కువమంది మన మాల మాదిగలే, మన ఆడోళ్లే. ఊర్లో ఊరి బయట వాడ, పట్నంలో మేడల వెనక బస్తీ. కంప్యూటర్ కొత్తది, కులం పాతదే.

2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. దిగినోళ్లు విషవాయువుకు పడిపోతే, కాపాడబోయినోడూ పోయిండు. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చినయి. డ్రైనేజీలో చనిపోయినోళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇయ్యాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో 30 లక్షలు చేసింది. పైసలు పెరిగినయి గాని చావులు ఆగలేదు. చచ్చినంక లెక్కగట్టే సర్కారు, బతికున్నప్పుడు మా ఊపిరితిత్తులు ఎట్లున్నయో చూసిందా?

బస్తీ దవాఖానాలు పెట్టలేదా అంటరు. పెట్టిండ్రు. 2018లో హైదరాబాద్‌లో మొదలైనయి. డాక్టరు, నర్సు, మందులు, రక్తపరీక్ష అన్నీ ఉచితం. మంచిదే, కాదనం. అయితే పెట్టిన టైము పొద్దున 9 నుంచి సాయంత్రం 4. ఆ టైముకు మేమెక్కడుంటం? చీపురు పట్టుకొని పనిలో ఉంటం. దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతది. అందుకే అప్పు చేసి, రాత్రిపూట ఆరెంపీ దగ్గర సూది వేయించుకుంటం. మాకు తెలివి లేదని చదువుకున్నోళ్లు నవ్వుతరు. గడియారం ఎవరిని చూసి పెట్టిండ్రని మాత్రం అడగరు.

మేము బిచ్చమడుగుతలేము, హక్కు అడుగుతున్నం. బస్తీ దవాఖాన రాత్రి 8 దాకా తెరిచి ఉంచాలె. కాంట్రాక్టు సఫాయి కార్మికులందరి చేతికి ఇఎస్ఐ కార్డు రావాలె. కూలి కోయకుండా ఏటా వైద్యపరీక్షలు చెయ్యాలె. మనిషిని మ్యాన్‌హోల్లోకి దించిన కాంట్రాక్టరు మీద కేసు పెట్టాలె, అది కోర్టుదాకా పోవాలె.

కార్యకర్తలారా, ఈ పదిహేను రోజులు ఒక పని చెయ్యుండ్రి. మీ బస్తీలో ఇల్లిల్లూ తిరిగి, దవాఖాన టైము కుదరక ఎందరు ఆగిపోయిండ్రో, ఎందరు అప్పులపాలైండ్రో రాసుకోండి. ఊర్లల్ల ఉన్నోళ్లు మీ పీహెచ్‌సీ లెక్క తియ్యుండ్రి. ఆ కాగితాలు పట్టుకొనే ఆఫీసుకు పోదాం. నోటితో అడిగితే రేపు రమ్మంటరు. లెక్కతో అడిగితే జవాబు చెప్పక తప్పదు!