ముందు ప్రింట్, తర్వాతే రిమూవ్

ఇంటర్నెట్ ఆపరేటర్లకు, నెట్‌వర్క్ టెక్నీషియన్లకు విజ్ఞప్తి



ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసుల్లో చాలా చోట్ల మైక్రోటిక్ రౌటరే ఆధారం. బిల్లు కట్టని లైను ఆపడం, రోజూ బ్యాకప్ తీయడం లాంటి పనులు స్క్రిప్టులకు అప్పగించాం. మంచిదే. కానీ ఎక్కడో దొరికిన స్క్రిప్టులో పేర్లు మార్చి, ఊరంతా వాడుతున్న రౌటర్‌లో నేరుగా పేస్ట్ చేసే అలవాటు మానుకోవాలి.

ఉదాహరణకు, ఒక కస్టమర్ ఎంట్రీ తీసేయాలి. వేరియబుల్‌కు 'నేమ్' అని పేరు పెట్టి, నేమ్ ఆ వేరియబుల్ విలువకు సమానమైన ఎంట్రీని వెతికి రిమూవ్ చెయ్యమన్నాం. మైక్రోటిక్ ఆపరేటింగ్ సిస్టం అయిన రౌటర్ఓఎస్‌లో 'నేమ్' అప్పటికే ఉన్న ప్రాపర్టీ. రౌటర్ మన వేరియబుల్‌ను పట్టించుకోదు, ప్రతి ఎంట్రీ పేరునూ దాని పేరుతోనే పోల్చుకుంటుంది. అన్నీ సరిపోతాయి, అన్నీ పోతాయి. ఎర్రర్ కూడా రాదు! వేరియబుల్ పేరు 'కస్ట్‌నేమ్' అయి ఉంటే ఒక్కటే పోయేది. ప్రాపర్టీల పేర్లు వేరియబుల్స్‌కు పెట్టొద్దని మైక్రోటిక్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తోంది.

స్ట్రింగులు కలిపే చోట తప్పులు ఇంత ఘోరం కాకపోయినా రోజూ వేధిస్తాయి. చుక్కతో రెండు ముక్కలు కలిపి కమాండ్‌కు ఇస్తే మొత్తాన్నీ బ్రాకెట్లలో పెట్టాలి. వేరియబుల్ పేరులో హైఫన్ ఉంటే డాలర్ గుర్తు తర్వాత ఆ పేరును కోట్స్‌లో రాయాలి. ఒక స్క్రిప్టులోని గ్లోబల్ వేరియబుల్‌ను ఇంకో స్క్రిప్టులో వాడాలంటే అక్కడ మళ్లీ గ్లోబల్ అని ప్రకటించాలి. లేదంటే ఖాళీగా వస్తుంది, బ్యాకప్ ఫైలు పేరులో ఊరి పేరు ఉండదు. రౌటర్ఓఎస్ 7.10 నుంచి తేదీ రూపమే మారింది. పాత పద్ధతిలో మొదటి మూడు అక్షరాలు తీస్తే నెల పేరు వచ్చేది, ఇప్పుడు 202 వస్తుంది. అప్‌గ్రేడ్ చేసినవారు తమ స్క్రిప్టులను ఈ రోజే తెరిచి చూడాలి.

అందుకే ప్రతి ఆఫీసూ ఒక కట్టుబాటు పెట్టుకోవాలని కోరుతున్నాం. రౌటర్‌లో దేన్నైనా మార్చే ముందు, స్క్రిప్ట్ తాను కలిపిన స్ట్రింగును రెండు గుర్తుల మధ్య ప్రింట్ చెయ్యాలి. అప్పుడే ఖాళీ విలువ, అదనపు స్పేస్ కంటికి కనబడతాయి. అనుమానం ఉంటే టైప్‌ఆఫ్‌తో రకం చూడాలి. రిమూవ్‌కు వాడబోయే ఫిల్టర్‌తోనే ముందు ఎంట్రీల లెక్క తీయించాలి. ఒకటే ఉండాల్సిన చోట ఒకటి కాకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోవాలి.

చేత్తో కమాండ్లు ఇచ్చేటప్పుడు ఎక్స్‌పోర్ట్ తీసుకుని, సేఫ్ మోడ్‌లో పని చెయ్యండి. మధ్యలో కనెక్షన్ తెగితే ఆ మార్పులు వెనక్కి పోతాయి.

ఓనర్లకు ప్రత్యేకంగా ఒక మాట. టెస్టుకు కొత్త రౌటర్ కొనాల్సిన పని లేదు. మైక్రోటిక్ వారి సీహెచ్ఆర్‌ను (క్లౌడ్ హోస్టెడ్ రౌటర్) మామూలు కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్‌గా ఉచితంగా నడపొచ్చు. అప్‌లోడ్ వేగం ఇంటర్‌ఫేస్‌కు 1 ఎంబీపీఎస్‌కే పరిమితం, స్క్రిప్ట్ పరీక్షకు అది చాలు. లైను త్వరగా ఆపమని టెక్నీషియన్‌ను తొందరపెట్టకండి, పరీక్షించే సమయాన్ని అతని పనిగంటల్లోనే ఇవ్వండి.