సాక్ష్యమా? నటనా?

అమెరికాలోని షికాగో పోలీసు శాఖలో డెనిస్ ఫరీనా 18 ఏళ్లు పనిచేశాడు. దొంగతనాల కేసులు చూసే డిటెక్టివ్. ఉద్యోగంలో ఉండగానే దర్శకుడు మైకేల్ మాన్ ఆయనకు 'థీఫ్' అనే సినిమాలో చిన్న వేషమిచ్చాడు. 1981లో వచ్చిన ఆ సినిమాలో ఆయన పోలీసు కాదు, ముఠా నాయకుడి అనుచరుడు! అదే సినిమాలో జాన్ శాంటూచీ అనే నిజమైన మాజీ దొంగ లంచగొండి పోలీసుగా కనిపిస్తాడు. 1985లో ఉద్యోగం వదిలిన ఫరీనా 2013లో 69వ ఏట కన్నుమూసేదాకా నటుడిగానే బతికాడు.

పోలీసు రౌడీ అయ్యాడు, దొంగ పోలీసయ్యాడు. అయినా ఎవరూ మోసపోలేదు. అది వేషమని టికెట్టు కొన్న అందరికీ తెలుసు. మన పల్నాడులో, దాచేపల్లిలో పుట్టిన ధూళిపాళ తెరమీద శకునిగా పేరు పొందారు. అంతమాత్రాన ఆయన్ను జూదరి అని ఎవరూ అనలేదు.

చిక్కంతా మన సభల్లోనే ఉంది. నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో ఎక్కడ కూటం పెట్టినా సాక్ష్యాలుంటాయి. పాత జీవితాన్ని ఎంత భయంకరంగా వర్ణిస్తే మనం అంత గట్టిగా స్తోత్రం అంటాం. కానీ 'సాక్ష్యం' పోలీసు స్టేషన్లో కూడా వినపడే మాటే. అక్కడ డిటెక్టివ్ కన్నీళ్లు చూసి తేల్చడు, ఆధారం అడుగుతాడు. నటుడికి ఆధారంతో పనిలేదు, నమ్మించగలిగితే చాలు. మన సాక్ష్యం వీటిలో ఏది?

ప్రభువు పరిసయ్యులను వేషధారులని గద్దించాడు. గ్రీకు భాషలో ఆ మాటకు నాటకాల్లో వేషం వేసేవాడనే అర్థం. ప్రార్థన, ధర్మం, ఉపవాసం కూడా నలుగురు చూడాలని వేసే నాటకమైపోవడమే ఆయనకు బాధ కలిగించింది.

జక్కయ్యను చూడండి. లూకా 19వ అధ్యాయంలో ఆయన తన పాత పాపాలను కథగా చెప్పలేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అది నిజమో కాదో యెరికో వీధుల్లో ఎవరిని అడిగినా తెలిసిపోతుంది. సాక్ష్యమంటే అదీ!

కాబట్టి మైకు ఇచ్చే ముందు సంఘం కొంచెం ఆగాలి. ఇంట్లో భార్యాపిల్లలు ఏమంటున్నారు? అప్పిచ్చినవాడు ఏమంటున్నాడు? గట్టు తగాదా ఉన్న పక్క పొలం రైతు ఏమంటున్నాడు? కొత్తగా మారినవారిని అనుమానించమని కాదు ఈ మాట. తరతరాలుగా విశ్వాసులమని చెప్పుకునే మనకూ, వేదికమీద కుర్చీలు వేసుకునే పెద్దలకూ ఇదే పరీక్ష.

షూటింగు అయిపోగానే నటుడు వేషం తీసేసి ఇంటికి వెళ్తాడు. ఆదివారం ఆరాధన అయిపోయాక మన ఇంటికి వెళ్తున్నది ఎవరు?